దించిన ఇంజిన్‌ను దేని మీద నిలపాలి?



ఎందరు పిల్లలకు ఫీజులు కట్టాం, ఎన్ని కుట్టుమిషన్లు ఇచ్చాం, ఎన్ని ఇళ్ళకు రేషన్ చేర్చాం అనే లెక్క ఏటా ఈ సంచికలో మీ ముందు పెడుతూనే ఉన్నాం. ఈసారి ఆ లెక్కతో పాటు ఒక పనిముట్టు గురించి పాఠం లాంటిది రాస్తున్నాం. అది కారులోంచి దించిన ఇంజిన్‌ను నిలబెట్టే స్టాండు. కారు షెడ్డులో తప్ప బయట దీని పేరు విన్నవారు తక్కువ. కానీ ఉప్పల్, నాచారం వైపు మన పిల్లల్లో చాలామందికి బతుకుదెరువు ఆ షెడ్డులోనే ఉంది. వాళ్ళకు మీరిచ్చే సహాయం ఏ రూపంలో చేరాలో తేల్చవలసింది మేమే కనుక ఈ విషయం మేము నేర్చుకోక తప్పలేదు. నేర్చుకోవడం కొంచెం ఆలస్యమైంది. అందుకు మూల్యం చెల్లించినది మేము కాదు, ఇంకొకరు.

మా వల్ల జరిగిన పొరపాటు

కొన్నేళ్ళ క్రితం ఉప్పల్‌లో సొంతంగా షెడ్డు పెట్టుకున్న ఒక యువ మెకానిక్ సహాయం కోరి వచ్చాడు. ఇంజిన్ స్టాండు కావాలన్నాడు. మేము అడిగిన ప్రశ్న ఒక్కటే: "ఎంతవుతుంది?" అన్నిటికన్నా తక్కువ ధర ఉన్నది కొన్నాం. దాని మీద 1000 అని పెద్ద అక్షరాలతో రాసి ఉంది. వెయ్యి కిలోలు మోస్తుంది, ఇంకేం కావాలి అనుకున్నాం. పూలదండ వేసి, ఫొటో దిగి, అప్పగించి వచ్చాం.

కొన్ని నెలల తర్వాత ఆ షెడ్డుకు సరుకులు మోసే బండి ఒకటి వచ్చింది. దాని డీజిల్ ఇంజిన్‌ను దించి మేమిచ్చిన స్టాండుకే బిగించారు. నేలంతా షాబాదు బండలు. స్టాండును కొంచెం పక్కకు జరుపుదామని తోసినప్పుడు ముందు చక్రం రెండు బండల మధ్య సందులో దిగబడింది. స్టాండు ఒరిగింది. పడిపోతున్న ఇంజిన్‌ను ఆపాలని అక్కడి సహాయకుడు చెయ్యి అడ్డం పెట్టాడు. ఇరవై ఏళ్ళు నిండని కుర్రవాడు. కుడిచేతి రెండు వేళ్ళు నలిగిపోయాయి. వైద్యం మేమే చేయించాం. ఇప్పుడు పానా పట్టుకోగలడు కానీ, చిన్న నట్టును వేలికొసతో తడిమి ఎక్కించలేడు. మెకానిక్‌కు ఆ స్పర్శే సగం విద్య.

తర్వాత ఆ స్టాండు దగ్గర కూర్చుని పరిశీలించాం. ఆ వెయ్యి కిలోలు కాదు, పౌండ్లు. వెయ్యి పౌండ్లు అంటే సుమారు 454 కిలోలు. దానికి ముందువైపు ఒకే చక్రం ఉంది. ఇంజిన్ చూస్తే రెండు వందల కిలోల పైమాట. దుకాణదారుడు అబద్ధం చెప్పలేదు, మెకానిక్ కూడా నిర్లక్ష్యం చేయలేదు. అడగవలసిన నాలుగు మాటలు అడగనిది మేమే. అవి ఏమిటో తెలుసుకోవడానికి ఆ తర్వాత ఈ ప్రాంతంలో అనుభవమున్న ఉస్తాదుల దగ్గర, వెల్డింగ్ షెడ్లలో, లేత్ పని చేసేవారి దగ్గర కూర్చున్నాం. వారు చెప్పినదాన్ని క్రమంగా ఇక్కడ పెడుతున్నాం.

ఇంజిన్ బరువు మొదటి మాట

మారుతి 800 కారు 1983 డిసెంబరులో రోడ్డెక్కింది. మూడు సిలిండర్లు, 796 సీసీ. ఆ చిన్న ఇంజిన్‌ను ఇద్దరు బలమైన మనుషులు కలిసి ఎత్తేయడం పాత ఉస్తాదులకు మామూలే. టైరు మీద పెట్టి, పక్కన పీట వేసుకుని పని కానిచ్చేవారు. అలవాటు అక్కడ మొదలైంది. తర్వాత డీజిల్ కార్లు పెరిగాయి. స్విఫ్ట్ డీజిల్‌లో వచ్చిన 1248 సీసీ ఇంజిన్ ఒక్కటే సుమారు 130 కిలోలు. రెండున్నర లీటర్ల డీజిల్ ఇంజిన్లు, అంటే పికప్ బండ్లలో, పెద్ద కార్లలో ఉండేవి, రెండు వందలు దాటుతాయి. 2020 ఏప్రిల్ నుంచి మారుతి సంస్థ డీజిల్ కార్లు తయారు చేయడం మానేసింది. కాబట్టి రోడ్డు మీదున్న ఆ కార్లన్నీ పాతబడుతున్నవే. ఇంజిన్ పనికి వచ్చేవి అవే. బండి మారింది, బరువు మారింది, టైరు మీద పెట్టే అలవాటు మాత్రం మారలేదు.

బరువు ఊహించకూడదు, తూచాలి. సర్వీస్ మాన్యువల్‌లో దొరికితే మంచిదే. లేకపోతే పాత ఇనుము కొనే ప్రతి దుకాణంలోనూ కాంటా ఉంటుంది. చైన్ పుల్లీకి వేలాడదీసి తూచే కాంటాలు కూడా వస్తున్నాయి. ఆల్టర్నేటర్, ఏసీ కంప్రెసర్, ఫ్లైవీల్, గేర్ బాక్స్ ఇవన్నీ ఉండగా ఒక బరువు, తీసేశాక ఇంకో బరువు. స్టాండుకు ఎక్కించేటప్పుడు ఉన్న బరువే లెక్క.

దుర్ఘటన తర్వాత మేము పెట్టుకున్న నియమం ఇది: స్టాండు మోయగలిగిన బరువు, ఇంజిన్ బరువుకు కనీసం రెండింతలు ఉండాలి. 130 కిలోల ఇంజిన్‌కు 454 కిలోల స్టాండు నిశ్చింతగా సరిపోతుంది. 220 కిలోల ఇంజిన్‌కు అదే స్టాండు అంచున నిలబడినట్టే. అలాంటి పనికి 900 కిలోల స్టాండు గానీ, రెండు వైపులా పట్టుకునేది గానీ చూడాలి. రాసి ఉన్న అంకె పక్కన కిలోలా, పౌండ్లా అన్నది చదవకుండా డబ్బు చెల్లించకూడదు.

ఎంత దూరంలో వేలాడుతోంది?

బరువు ఒక్కటే చాలదు. నిండు బిందెను రొమ్ముకు ఆనించి పట్టుకుంటే చాలాసేపు మోయగలం. అదే బిందెను చెయ్యి చాచి పట్టుకోమంటే నిమిషం నిలవలేం. బిందె మారలేదు, దూరం మారింది. ఒంటి స్తంభం స్టాండులో ఇంజిన్ సరిగ్గా అలాగే చాచిన చేతికి వేలాడుతుంది. గేర్ బాక్స్ కలిసే వెనుక ముఖానికి నాలుగు చేతులు బిగించి, ఆ చేతుల పలకను స్తంభం తలకు తొడుగుతారు.

130 కిలోల ఇంజిన్ బరువు కేంద్రం ఆ పలకకు 30 సెంటీమీటర్ల దూరంలో ఉందనుకోండి. గుణిస్తే 39 వస్తుంది. దీన్ని కిలో-మీటర్లలో మెలితిప్పే భారంగా లెక్కిస్తారు. బోల్టులు పొడుగ్గా దొరికాయని, మధ్యలో పైపు ముక్కలు వేసి ఇంజిన్‌ను ఇంకో 15 సెంటీమీటర్లు ముందుకు జరిపితే అది 58.5 అవుతుంది. ఇంజిన్ ఒక్క కిలో కూడా పెరగలేదు, స్తంభం మీద భారం మాత్రం ఒకటిన్నర రెట్లయింది. అందుకే చేతులు ఇంజిన్‌కు ఎంత దగ్గరగా వస్తే అంత మంచిది.

బోల్టుల విషయంలో ఆదా చేయకూడదు. తల మీద 8.8 అని గానీ 10.9 అని గానీ ముద్ర ఉన్న బోల్టులే వాడాలి. ముద్ర లేని మెత్తని ఇనుప రాడ్డుకు మరలు కోసి వాడటం కొన్ని షెడ్లలో చూశాం. అది చెప్పకుండా తెగుతుంది. బోల్టు బ్లాకులోకి కనీసం తన వ్యాసానికి ఒకటిన్నర రెట్లు దిగాలి. అంటే 12 మిల్లీమీటర్ల బోల్టు 18 మిల్లీమీటర్లు దిగాలి. అల్యూమినియం బ్లాకైతే రెండింతలు, 24 మిల్లీమీటర్లు. స్టాండు ఇచ్చేటప్పుడు సరైన బోల్టుల సెట్టు కూడా కలిపి ఇవ్వాలన్నది మేము నేర్చుకున్న చిన్న విషయం. ఇవ్వకపోతే చేతికి దొరికినదే వాడతారు.

చక్రాలు, నేల

ముందు ఒక చక్రం, వెనుక రెండు చక్రాలు ఉన్న స్టాండు ఎగుడుదిగుడు నేల మీద ఊగదు. మూడు కాళ్ళ పీట ఊగనట్టే. కానీ దాని అడుగు త్రికోణం. స్తంభం వెడల్పు వైపు ఉంటుంది, ఇంజిన్ బరువు సన్నబడుతున్న వైపు పడుతుంది. ఇంజిన్ కొంచెం పక్కకు తిరిగినా, చక్రం అడ్డం తగిలినా బరువు త్రికోణం దాటిపోతుంది. ముందు కూడా అడ్డకమ్మీ వేసి రెండు చక్రాలు పెట్టిన స్టాండుకు ఆ ప్రమాదం తక్కువ. ముందు కాలు ఇంజిన్ పొడవును దాటి ముందుకు రావాలి. అంతకన్నా పొట్టిగా ఉంటే తీసుకోకూడదు.

మన షెడ్లలో నేలలు ఎలా ఉంటాయో తెలిసిందే. ఒకచోట షాబాదు బండలు, ఒకచోట పగిలిన సిమెంటు, ఒకచోట నూనె ఇంకిన మట్టి. చిన్న చక్రాలు సందుల్లో దిగుతాయి. చక్రం ఎంత పెద్దదైతే అంత సులువుగా సందు దాటుతుంది. తాళం పడే చక్రాలు కనీసం రెండు ఉండాలి. అన్నిటికన్నా మేలైన పని ఇంకొకటి ఉంది. స్టాండు నిలిచే చోట ఆరడుగులకు ఆరడుగులు సిమెంటు నేల చదునుగా వేయించడం. ఇంజిన్ ఎక్కిన స్టాండును బండిలా తిప్పకూడదు. తప్పనిసరైతే ఇద్దరు మనుషులు, కింది కమ్మీ పట్టుకుని, నెమ్మదిగా లాగాలి. పైనుంచి తోస్తే ఒరుగుతుంది.

తిప్పేటప్పుడు జాగ్రత్త

తిరిగే స్టాండు గొప్పతనమే ఇంజిన్‌ను తలకిందులు చేయగలగడం. పైనుంచి హెడ్ విప్పి, తిప్పి, కింది చాంబర్ విప్పి క్రాంకును, బేరింగులను చూడవచ్చు. ప్రమాదం కూడా అక్కడే. తిరిగే ఇరుసు ఇంజిన్ బరువు కేంద్రానికి దగ్గరగా ఉంటే ఒక్క చేత్తో తిరుగుతుంది. సాధారణంగా ఆ చోటు క్రాంక్ షాఫ్ట్ మధ్యరేఖకు కొంచెం పైన ఉంటుంది. అంతకన్నా కిందికి బిగిస్తే, పిన్ను లాగిన క్షణంలో ఇంజిన్ తనంతట తానే బోర్లాపడుతుంది. తిప్పే రాడ్డు గిర్రున తిరిగి మణికట్టుకు తగులుతుంది. హెడ్ విప్పాక పైబరువు తగ్గి లెక్క మళ్ళీ మారుతుంది. కనుక పిన్ను లాగేముందు రెండో చెయ్యి రాడ్డు మీద ఉండితీరాలి. తిప్పేముందు ఆయిల్, నీళ్ళు పూర్తిగా తీసేయాలి.

పిన్నుకు బదులు గేర్లతో, హ్యాండిల్ తిప్పితే మెల్లగా తిరిగే స్టాండ్లు కూడా ఉన్నాయి. ఎక్కడ ఆపితే అక్కడ నిలుస్తాయి. ధర ఎక్కువే. కానీ పని నేర్చుకునే పిల్లలున్న చోట అవే ఇవ్వాలని మేము నిర్ణయించుకున్నాం. ఐటీఐలో మెకానిక్ మోటార్ వెహికల్ కోర్సు రెండేళ్ళు, డీజిల్ మెకానిక్ ఏడాది. అక్కడ చదివినవాడికి పుస్తకమూ గురువూ ఉంటారు. షెడ్డులో నేర్చుకునేవాడికి పనిముట్టే సగం గురువు.

తొట్టి ఎందుకు, ఎప్పుడు?

ఇంజిన్‌ను నిలబెట్టడానికి రెండో దారి తొట్టి. నాలుగు కాళ్ళ ఇనుప చట్రం. ఇందులో ఇంజిన్ వేలాడదు, కూర్చుంటుంది. కారులో ఏ మౌంటింగుల మీద ఆగిందో అవే మౌంటింగుల మీద ఆగుతుంది. బరువు నేలకు దగ్గరగా ఉంటుంది కనుక ఒరగడం అరుదు. వెనుక ముఖం ఖాళీగా ఉంటుంది కనుక ఫ్లైవీల్, క్లచ్, వెనుక ఆయిల్ సీలు పని దాని మీదే చేసుకోవచ్చు. ఒంటి స్తంభం స్టాండులో ఆ ముఖాన్ని చేతులే మూసేస్తాయి కాబట్టి చాలా వాటి మీద ఈ పని కుదరదు. తొట్టికున్న లోపం ఒకటే. ఇంజిన్‌ను తిప్పలేం.

తొట్టి లేని చోట ఇంజిన్‌ను నేరుగా చాంబర్ మీద కూర్చోబెడతారు. పైకి ఏమీ కనిపించదు. కానీ పలుచని రేకు చాంబర్ లోపలికి నొక్కుకుపోతే ఆయిల్ పీల్చే జల్లెడకు, చాంబర్ అడుగుకు మధ్య సందు తగ్గుతుంది. బండి రోడ్డెక్కాక ఆయిల్ సరిగా అందక బేరింగులు కాలిపోతాయి. అల్యూమినియం చాంబరైతే పగులుతుంది. తిరిగి వచ్చిన బండికి మెకానిక్ తన చేతి డబ్బు పెట్టి మళ్ళీ పని చేయాలి. చేసిన పనిలో తప్పు లేదు, పెట్టిన చోటులోనే తప్పుంది. పాత టైరు మీద పెట్టడం దీనికన్నా నయమే కానీ, అది దించి పక్కన పెట్టే కాసేపటికే. ఊగే టైరు మీద పానా వేసి బలంగా లాగకూడదు.

ఈ ప్రాంతంలో తొట్టికి ఇంకో అవసరం ఉంది. ఇంజిన్ విప్పేది ఉప్పల్ షెడ్డులో అయినా సిలిండర్లు బోరు చేయించడానికి, హెడ్ ముఖం చదును చేయించడానికి, క్రాంకు గ్రైండింగుకు నాచారం పారిశ్రామిక వాడ వైపు తీసుకెళ్ళే పని తరచుగా పడుతుంది. హబ్సిగూడ మీదుగా వెళ్ళినా, మల్లాపూర్ వైపు నుంచి తిరిగి వెళ్ళినా ట్రాలీ ఆటోలో ఆ దారి ఎన్ని కుదుపులో మీకు చెప్పనక్కరలేదు. తాడుతో కట్టిన ఇంజిన్ మలుపులో ఒరిగితే వెనుక కూర్చున్న పిల్లవాడే దానికి ఆనకట్ట. తొట్టికి బోల్టులతో బిగించి, తొట్టిని బండికి కట్టి తీసుకెళితే ఆ పిల్లవాడు డ్రైవరు పక్కన కూర్చోవచ్చు.

కొనాలా, చేయించాలా?

తిరిగే స్టాండు మంచిది చూసి కొనడమే మేలు. రాణీగంజ్‌లో పనిముట్ల దుకాణాలున్నాయి, నాలుగు చోట్ల చూసి, చేత్తో తాకి, తిప్పి కొనవచ్చు. తొట్టి మాత్రం ఇక్కడే చేయించుకోవచ్చు. నాచారం, ఉప్పల్ పారిశ్రామిక వాడల్లో మంచి వెల్డర్లకు కొదవ లేదు. 75 మిల్లీమీటర్ల చానల్‌తో చట్రం వేయించి, మౌంటింగుల దగ్గర అటూ ఇటూ జరిగే పలకలు పెట్టిస్తే నాలుగైదు రకాల ఇంజిన్లకు ఒకే తొట్టి సరిపోతుంది. అతుకు ఒకవైపు చుక్కలు పెట్టి వదలకుండా చుట్టూ నిండుగా వేయించాలి. రంగు వేయకముందే చూడాలి, వేశాక అతుకులోని లోపం కనిపించదు. పూర్తయ్యాక ఇంజిన్ బరువుకు పావు వంతు ఎక్కువ ఇనుము దాని మీద పెట్టి ఒక రాత్రి ఉంచి, తెల్లారి అతుకులన్నీ చూసుకుని తర్వాతే అప్పగించాలి.

ఒక తొట్టి ఒక షెడ్డుకే ఉండనక్కరలేదు. ఒక ఇంజిన్‌కు దానితో పని రెండు మూడు రోజులే. దగ్గర దగ్గరగా ఉన్న నాలుగు షెడ్లకు కలిపి ఒక తొట్టి ఇచ్చి, ఎవరి దగ్గర ఉందో రాసే నోటు పుస్తకం ఒకటి పెడితే మీ సొమ్ము నాలుగింతలు పని చేస్తుంది. మిగిలిన డబ్బుతో మంచి స్టాండు కొనవచ్చు.

ఇచ్చే ముందు అడిగే ప్రశ్నలు

ఇకమీదట ఈ సహాయం కోరి వచ్చే ప్రతి దరఖాస్తు వెంట ఈ ఏడు ప్రశ్నలకు జవాబులు రాసి పెడతాం. మీరు విడిగా ఎవరికైనా కొనివ్వదలిస్తే మీరూ ఇవే అడగండి.

1. షెడ్డుకు వచ్చే ఇంజిన్లలో అన్నిటికన్నా బరువైనది ఏది? తూచి చూశారా?
2. స్టాండు మోసే బరువు దానికి రెండింతలు ఉందా? రాసినది కిలోలా, పౌండ్లా?
3. చేయవలసిన పని ఏది? విప్పి తిప్పడమా, అమర్చడమా, లేత్‌కు మోసుకెళ్ళడమా?
4. ముందువైపు రెండు చక్రాలు ఉన్నాయా? ముందు కాలు ఇంజిన్‌ను దాటి వచ్చిందా?
5. షెడ్డు నేల ఎలా ఉంది? స్టాండు నిలిచే చోటు చదునుగా ఉందా?
6. సరైన ముద్ర ఉన్న బోల్టుల సెట్టు ఉందా? ఇంజిన్‌ను ఎత్తడానికి చైన్ పుల్లీ గానీ క్రేన్ గానీ ఉందా?
7. అక్కడ పనిచేసేవారి వయసెంత?

చివరి ప్రశ్న గురించి ఒక మాట. 14 ఏళ్ళలోపు పిల్లలను పనిలో పెట్టడం 2016 చట్ట సవరణ ప్రకారం నేరం. అలాంటి షెడ్డుకు మేము పనిముట్లు ఇవ్వం. ముందు ఆ పిల్లవాడిని బడికి చేర్చే మాట మాట్లాడతాం.

ఎత్తే సాధనం గురించి కూడా మరువకూడదు. చేతులు, పలక ఇంజిన్‌కు బిగించేది ఇంజిన్ గొలుసుకు వేలాడుతుండగానే. స్తంభానికి తొడిగాక గొలుసును ఒక్కసారిగా వదలకుండా కొంచెం కొంచెంగా సడలించాలి. బరువంతా స్టాండు మీదికి వచ్చాక కూడా గొలుసు పది నిమిషాలు తగిలించే ఉంచి, ఎక్కడైనా వంగుతోందా అని చూసి అప్పుడు తీయాలి. ఆ పది నిమిషాలకు ఖర్చేమీ లేదు.

ఆ కుర్రవాడు ఇప్పటికీ అదే షెడ్డులో ఉన్నాడు. కిందటేడాది అక్కడికి ముందు రెండు చక్రాలున్న స్టాండు పంపాం. అప్పగించే రోజున పూలదండ వేయలేదు. ఉస్తాద్, అతను, మేము కలిసి స్టాండు చుట్టూ కూర్చుని బోల్టు బోల్టూ చూశాం. బోల్టు తలల మీద ముద్రలు చదివి చెప్పినది అతనే.

షెడ్డులో దించిన ఇంజిన్ బండి యజమాని అమానత్. మీరిచ్చిన సొమ్ము మా దగ్గర అమానత్. ఆ పిల్లల చేతులు మనందరి దగ్గర అమానత్. వచ్చే ఏడాది నాలుగు తొట్లు, రెండు స్టాండ్లు ఇవ్వాలని సంకల్పించాం. మీరు చెయ్యి కలిపితే అవుతుంది. ఇచ్చేటప్పుడు ధరతో పాటు ఆ ఏడు ప్రశ్నలు కూడా మమ్మల్ని అడగండి. జవాబులు మా దస్త్రంలో ఉంటాయి, ఎప్పుడైనా వచ్చి చూడవచ్చు.